క్లోరిన్‌ను గొట్టంలో బంధించిన కమ్మరి కొడుకు

ప్రపంచ ప్రసిద్ధ శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ దగ్గరి న్యూయింగ్టన్ బట్స్‌లో ఒక పేద కుటుంబంలో జన్మించారు. తండ్రి జేమ్స్ కమ్మరి. తల్లి మార్గరెట్ పెళ్ళికి ముందు పెద్దల ఇళ్ళలో పనిచేసిన మనిషి. నలుగురు పిల్లల్లో మైకేల్ మూడవవాడు.

1831లో అయస్కాంతంతో విద్యుత్తు పుట్టించిన ఫారడేను పదవ తరగతి చదివిన ప్రతి ఒక్కరూ ఎరుగుదురు. ఆ కథ మన పాఠ్యపుస్తకంలోనే ఉంది కాబట్టి ఇక్కడ మళ్ళీ చెప్పను. నేను చెప్పబోయేది ఆయనకూ క్లోరిన్‌కూ ఉన్న సంబంధం గురించి. మన ట్యాంకులో బ్లీచింగ్ పొడి కలిపిన రోజు గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే ముక్కుకు తగిలే ఘాటు వాసన ఆ క్లోరిన్‌దే. ఆ వాయువును సీసాలో పెట్టడం ఎంత కష్టమో, ఆ కష్టం ఎవరి కళ్ళమీదికి వచ్చిందో మన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ తెలుసుకోవాలి.

ఫారడే తండ్రికి ఆరోగ్యం బాగుండేది కాదు. పని దొరికిన రోజుకన్నా దొరకని రోజులే ఎక్కువ. 1801లో ఇంగ్లాండులో ధాన్యం ధరలు మండిపోయినప్పుడు ఆ పిల్లవాడికి వారానికి ఒక్క రొట్టె ఇచ్చి, దాన్నే ఏడు రోజులూ సర్దుకోమన్నారట. అప్పటికి ఆయన వయసు తొమ్మిది, పదేళ్ళు. బడి చదువు అంటే చదవడం, రాయడం, కాస్త లెక్కలు. అంతటితో సరి. 1804లో జార్జి రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర వార్తాపత్రికలు ఇళ్ళకు చేర్చే కుర్రవాడుగా చేరారు. మరుసటి ఏడు అదే అంగట్లో పుస్తకాల బైండింగు నేర్చుకోవడానికి ఏడేళ్ళ ఒప్పందం కుదిరింది.

ఆ ఏడేళ్ళే ఆయనకు హైస్కూలూ కాలేజీ. బైండింగుకు వచ్చిన పుస్తకాన్ని కుట్టేముందు చదివేవారు. జేన్ మార్సెట్ అనే ఆమె రాసిన రసాయన శాస్త్ర సంభాషణలు, బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు మీది వ్యాసం ఆయన్ను పట్టుకున్నాయి. సాయంత్రాలు టేటమ్ అనే ఆయన ఇచ్చే ఉపన్యాసాలకు వెళ్ళేవారు. ఒక్కో ఉపన్యాసానికి ఒక షిల్లింగు. ఆ షిల్లింగు ఇచ్చింది అన్న రాబర్ట్. ఆయనా కమ్మరే. ఇంటి దగ్గర అన్న కూలి డబ్బులతో పరీక్ష ఫీజు కట్టిన వాళ్ళు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి ఈ సంగతి వివరించనక్కరలేదు.

1812లో అంగడికి వచ్చే డాన్స్ అనే పెద్దమనిషి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టికెట్లు ఇప్పించారు. డేవీ అప్పటికి ఇంగ్లాండులోకెల్లా పేరున్న రసాయన శాస్త్రవేత్త. ఫారడే విన్నవి నాలుగే ఉపన్యాసాలు. వాటిలో ఒకటి క్లోరిన్ గురించి! అంతకు రెండేళ్ళ ముందే డేవీ అది మూలకమని తేల్చి దానికి ఆ పేరు పెట్టారు. ఫారడే ఆ నాలుగింటి నోట్సునూ సాఫుగా రాసి, బొమ్మలు వేసి, స్వయంగా బైండు చేసి డేవీకి పంపారు. ఆ ఏడాది చివర్లో నైట్రోజన్, క్లోరిన్ కలిసిన ఒక పేలుడు పదార్థం పగిలి డేవీ కన్ను దెబ్బతింది. రాసిపెట్టేవాళ్ళు లేక కొద్దిరోజులు ఫారడేను పిలిపించుకున్నారు. 1813 మార్చిలో ప్రయోగశాల సహాయకుడి ఉద్యోగం వచ్చింది. వారానికి 25 షిల్లింగులు, మేడ పైభాగాన రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు.

అదే ఏడాది అక్టోబరులో డేవీ భార్యతో కలిసి యూరప్ యాత్రకు బయలుదేరారు. ఫారడే సహాయకుడుగా వెళ్ళారు. ప్రయాణానికి ముందు డేవీ సేవకుడు రానన్నాడు. పారిస్‌లో ఇంకొకరిని చూసుకుంటామని, అంతవరకు ఆ పనులు కూడా చూడమని ఫారడేకు చెప్పారు. ఆ ఇంకొకరు 1815లో తిరిగి వచ్చేదాకా దొరకలేదు. డేవీ భార్య ఆయన్ను నౌకరుగానే చూసింది. నౌకర్లతో కూర్చుని తినమన్నది. మధ్యలో విసిగిపోయి ఇంటికి తిరిగి వచ్చేద్దామనుకున్నారు. కానీ వోల్టా, ఆంపియర్ వంటి మహామహులను చూసే అవకాశం వదులుకోలేక ఉండిపోయారు. పంక్తిలో పక్కన కూర్చోనివ్వకపోవడం అంటే ఏమిటో మన తాతలకు తెలుసు. ఫారడేకు కూడా తెలుసు.

ఇక అసలు ప్రయోగానికి వద్దాం. క్లోరిన్ వాయువును చల్లటి నీటితో కలిపితే లేత పసుపు స్ఫటికాలు ఏర్పడతాయి. అవి క్లోరిన్, నీరు రెండూ కలిసినవి. 1823 శీతాకాలంలో ఫారడే ఆ స్ఫటికాలను పరీక్షిస్తుండగా, మూసిన గొట్టంలో వేడిచేసి చూడమని డేవీ చెప్పారు. ఫారడే వాటిని గాజు గొట్టంలో వేసి, కొసను మంటలో కరిగించి మూసేశారు. దాదాపు 38 డిగ్రీల వేడి నీటిలో ఉంచారు. మన పుంగనూరులో మే నెల మధ్యాహ్నం ఎండ ఇంచుమించు అంతే ఉంటుంది. స్ఫటికాలు కరిగిపోయి రెండు ద్రవాలు విడివిడిగా కనిపించాయి. పైన నీళ్ళలాంటిది, అడుగున నూనెలాంటి పసుపు ద్రవం.

ఆ సమయానికి డేవీ మిత్రుడు డాక్టర్ పారిస్ ప్రయోగశాలకు వచ్చి, గొట్టంలో నూనె చూసి, గిన్నెలు సరిగా కడగకుండా ప్రయోగాలు చేస్తున్నావని ఎగతాళి చేశాడు. ఫారడే ఆ గొట్టం కొసను ఆకురాయితో కోయబోగా టప్పున పేలి నూనె మాయమైంది. మరునాడు పొద్దున్నే పారిస్‌కు చిన్న ఉత్తరం వెళ్ళింది. ఆ నూనె ద్రవ క్లోరిన్ అని దాని సారాంశం. వాయువుకు బయటికి పోయే దారి లేక, తన ఒత్తిడికి తానే ద్రవమైపోయింది.

ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. ఆ గొట్టానికి వాల్వు లేదు. మూయడమంటే గాజును కరిగించడం, తెరవడమంటే పగలగొట్టడం. లోపలి ఒత్తిడిని కొంచెం కొంచెంగా వదిలే మార్గం లేదు. అదే నెలలో వరుసగా పేలుళ్ళు జరిగాయి. ఒకసారి గాజు తునకలు తుపాకీ గుళ్ళలా కిటికీ అద్దాన్ని చీల్చుకుపోయాయి. ఆయన కళ్ళలో కూడా పడ్డాయి. కొన్నాళ్ళు చూపుకు కట్టు కట్టుకుని, కోలుకోగానే మళ్ళీ పనిలో దిగారు. ఆ ఏడాదే సల్ఫర్ డయాక్సైడ్, అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ వంటి ఎన్నో వాయువులను అలాగే ద్రవాలుగా మార్చారు.

రెండో సంగతి నీటిది. పసుపు ద్రవం నీటితో కలిసినదేమో అన్న అనుమానం రాకుండా, ఆయన క్లోరిన్‌ను గంధకామ్లంతో తడి లేకుండా ఆరబెట్టి, పిచికారీతో గొట్టంలోకి కూరి చూశారు. వాతావరణానికి నాలుగైదు రెట్ల ఒత్తిడికే అది ద్రవమైంది. పొడి క్లోరిన్ వేరు, తడి క్లోరిన్ వేరు అన్న ఈ పట్టింపే తర్వాతి కథకంతా మూలం.

పేరు దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. ఫారడే వ్యాసానికి డేవీ తన మాటలు కొన్ని చేర్చారు. ఈ ఫలితం తాను ముందే ఊహించానన్నట్లు రాశారు. రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఫారడే పేరు ప్రతిపాదించినప్పుడు అధ్యక్షస్థానంలో ఉన్న డేవీయే అడ్డుపడ్డారు. అయినా 1824 జనవరిలో ఫారడే ఎన్నికయ్యారు. వ్యతిరేకంగా పడింది ఒక్క ఓటు. డేవీ కూడా పేదరికం నుంచి పైకి వచ్చినవాడే కావడం విచారించదగ్గ విషయం.

మరి ఫారడే ఏం చేశారు? పాత పత్రికలు తిరగేసి, తనకంటే ముందు 1805 ప్రాంతంలోనే నార్త్‌మోర్ అనే ఆయన క్లోరిన్‌ను ద్రవంగా మార్చాడని కనుగొని, ఆ సంగతి తానే అచ్చువేయించారు. ఆయన పెద్దతనం విద్యుత్ ప్రయోగాల్లో కంటే నాకు ఇక్కడే ఎక్కువ కనిపిస్తుంది.

1821లో ఆయన సారా బర్నార్డ్‌ను పెళ్ళాడారు. పిల్లలు లేరు. పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మాత్రం ఏళ్ళ తరబడి ఇచ్చారు. సర్ బిరుదు వద్దన్నారు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని రెండుసార్లు వద్దన్నారు.

1844లో ఆయన వాయువుల దగ్గరికి మళ్ళీ వచ్చారు. ఈసారి పద్ధతి మారింది. ఒకదానికొకటి తగిలించిన రెండు పంపులు, చిన్నదైన గట్టి సీసాగాజు గొట్టాలు, వాటికి ఇత్తడి మూతలు, తిప్పి మూసే స్టాప్‌కాక్‌లు, సందుల్లో లక్కలాంటి పూత. మొదటి పంపు వాయువును నొక్కి రెండోదాని వాల్వులగుండా పంపిస్తే రెండోది ఇంకా గట్టిగా నొక్కేది. పంపులోకి పోకముందే వాయువును మంచు, ఉప్పు మిశ్రమంలో ముంచిన గొట్టపు చుట్టగుండా పంపి అందులోని తేమను గడ్డకట్టించేవారు. తేమ పోకుండా నొక్కితే నీటి ఆవిరే ముందు గడ్డకట్టి ఫలితాన్ని చెడగొడుతుంది. ఇలా చేసి ఇంకొన్ని వాయువులను లొంగదీశారు. ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ మాత్రం ఆయనకు లొంగలేదు.

1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులో, విక్టోరియా రాణి ఉండటానికి ఇచ్చిన ఇంట్లో, కుర్చీలో కూర్చునే కన్నుమూశారు. హైగేట్ శ్మశానంలో ఆయన సమాధి రాయి సాదాగా ఉంటుంది.

ఆయన పోయిన 21 ఏళ్ళకు, 1888లో, జర్మనీలో బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీకి చెందిన రుడాల్ఫ్ క్నీచ్ క్లోరిన్‌ను ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున ద్రవంగా మార్చాడు. క్లోరిన్ బాగా పొడిగా ఉంటే మామూలు వేడిలో ఇనుమును ముట్టదు. కొంచెం తేమ తగిలినా హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుట్టి ఇనుమునూ ఇత్తడినీ తినేస్తుంది. కాబట్టి ఉక్కు సిలిండరు సాధ్యమైంది, కాకపోతే దాని ప్రాణమంతా వాల్వులో ఉంది. అదే వాల్వులను 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైనికులు వేలాది సిలిండర్లకు తెరిచి మనుషుల మీదికి వదిలారు. అదే వాల్వు నీళ్ళ కేంద్రంలో కలరా, టైఫాయిడ్ నుంచి మనుషులను కాపాడుతోంది.

హంద్రీ-నీవా పుంగనూరు, కుప్పం బ్రాంచి కాలువలతో మన వైపు కృష్ణా నీళ్ళు వచ్చాయి. కాలువ నీరు తాగాలంటే క్రిములను చంపక తప్పదు. చిన్న ట్యాంకుకు బ్లీచింగ్ పొడి సరిపోతుంది. పెద్ద శుద్ధి కేంద్రాల్లో సాధారణంగా వాడేది 100 కిలోల సిలిండరు లేదా టన్నర్ అని పిలిచే 900 కిలోల పెద్ద డ్రమ్ము. మన మెస్‌లోని గ్యాస్ సిలిండరు వాల్వులో ఒక రబ్బరు రింగు, ఒక స్ప్రింగు ఉంటే పని జరిగిపోతుంది. క్లోరిన్ మామూలు రబ్బరును తినేస్తుంది. అందుకని దీని వాల్వు వేరేగా తయారు చేస్తారు. ఒళ్ళు రాగి మిశ్రమలోహం, తిప్పే స్పిండిల్ నికెల్, రాగి కలిసిన గట్టి లోహం. స్పిండిల్ చుట్టూ గ్యాస్ కారకుండా ప్యాకింగ్, దాన్ని నొక్కి పట్టే నట్టు. గొట్టం బిగించే చోట సీసపు వాషరు. బిగించిన ప్రతిసారీ కొత్తది వేయాలి, పాతది పనికిరాదు. సిలిండరు మంటలో చిక్కితే మొత్తం పగలకుండా, సుమారు 70 డిగ్రీల దగ్గర కరిగి దారి ఇచ్చే మెత్తటి లోహపు బిరడా ఒకటి ఉంటుంది. ఫారడే గొట్టానికి లేనిది సరిగ్గా ఇదే. టన్నర్‌కు రెండు వాల్వులు. పడుకోబెట్టి, రెండూ ఒకదానిపై ఒకటి నిలువుగా వచ్చేలా తిప్పి ఉంచితే పైది వాయువు ఇస్తుంది, కిందిది ద్రవం ఇస్తుంది.

సిలిండరు ఖాళీ అయ్యాక అసలు ప్రమాదం మొదలవుతుంది. లోపల ఒత్తిడి తగ్గాక వాల్వు తెరిచి వదిలేస్తే, క్లోరిన్ నీళ్ళలో కరిగిపోతూ ఆ నీటినే గొట్టంలోంచి వెనక్కి లాక్కుంటుంది. తడి లోపలికి చేరితే వాల్వు లోపలినుంచి తినబడుతుంది, తుప్పు పేరుకుంటుంది, తర్వాత మూసినా మూతపడదు. అందుకే ఖాళీ సిలిండరు వాల్వు కూడా మూసి, మూత బిగించి పంపాలి. కారుతున్న సిలిండరు మీద నీళ్ళు పోయకూడదు. పోస్తే చిల్లు పెద్దదవుతుంది. మనవాళ్ళు నిప్పు కనబడినా పొగ కనబడినా ముందు బకెట్ నీళ్ళే వెతుకుతారు కాబట్టి ఇది గట్టిగా చెప్పవలసిన మాట. నీళ్ళు చేరకూడని ద్రవంలో నీళ్ళు చేరితే ఏమవుతుందో 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్ చూసింది. అక్కడి ట్యాంకులో ఉన్నది క్లోరిన్ కాదు, మిథైల్ ఐసోసైనేట్. నీళ్ళు ఎలా చేరాయన్న దానిపై వాదనలు నడిచాయి గానీ, చేరాయన్నదానిపై కాదు.

కారుతున్న చోటు కనుక్కోవడానికి ఆపరేటర్లు గుడ్డను అమ్మోనియా ద్రావణంలో తడిపి వాల్వు చుట్టూ తిప్పుతారు. సందు ఉన్నచోట తెల్లటి పొగ లేస్తుంది. పాత్రలకు కళాయి పోసేవాళ్ళు నవాసారం చల్లినప్పుడు లేచే పొగ లాంటిదే, ఆ పదార్థమూ అదే. క్లోరిన్, అమ్మోనియా రెండూ 1823లో ఫారడే తన గాజు గొట్టాల్లో ద్రవాలుగా మార్చి చూపించినవే.