డిష్లీ రైతు - రాబర్ట్ బేక్‌వెల్

అనువంశికత అనగానే మనకు మెండెల్, ఆయన బఠాణీ మొక్కలు జ్ఞాపకం వస్తాయి. మెండెల్ తన ఫలితాలను వినిపించినది 1865లో. దానికి దాదాపు 70 ఏళ్ళ ముందే కన్నుమూసిన ఒక రైతు, జన్యువు అనే మాటే పుట్టని రోజుల్లో, గొర్రె ఒంటి తీరునే మార్చేశాడంటే ఆశ్చర్యం కలుగక మానదు. ఆ రైతే రాబర్ట్ బేక్‌వెల్.

1725లో ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో, లఫ్‌బరో ఊరికి దగ్గరగా ఉన్న డిష్లీలో ఆయన పుట్టాడు. అక్కడ వాళ్ళది సుమారు 440 ఎకరాల కౌలు సేద్యం. యౌవనంలో ఊళ్ళు తిరిగి ఎక్కడెక్కడి రైతులు పశువులను ఎట్లా పెంచుతున్నారో చూసి వచ్చాడు. 1760లో తండ్రి పోవటంతో భారమంతా ఆయన మీద పడింది.

ఆ రోజుల్లో గొర్రెను ఎక్కువగా ఉన్ని కోసమే పెంచేవారు. పొట్టేళ్ళూ ఆడగొర్రెలూ ఒకే బీట్లో కలిసి మేసేవి. ఏ పిల్లకు ఏది తండ్రో ఎవరికీ తెలిసేది కాదు. పట్టణాలు పెరుగుతున్నాయి, జనానికి మాంసం కావాలి అని బేక్‌వెల్ గ్రహించాడు. పొట్టేళ్ళను వేరు చేసి, తాను ఎంచిన జతనే కట్టించాడు. నచ్చిన లక్షణం నిలబడాలని దగ్గరి రక్తసంబంధం ఉన్న జీవాలనే కలిపాడు. సన్న ఎముక, పీపాలాంటి ఒళ్ళు, తొందరగా కండా కొవ్వూ పట్టే గుణం - ఇవీ ఆయన కోరినవి. అస్థిపంజరాలను, ఉప్పునీళ్ళలో ఊరబెట్టిన మాంసపు ముక్కలను ఇంట్లో దాచి, తరానికీ తరానికీ పోల్చి చూసుకునేవాడు. న్యూ లెస్టర్ గొర్రె అట్లా తయారైనది.

పొట్టేళ్ళను అమ్మకుండా ఒక్కో సీజనుకు అద్దెకిచ్చేవాడు. మొదట్లో ఒక పౌను కూడా రాని అద్దె, 1789 నాటికి ఏడాదికి 3,000 గినీలకు చేరింది. ఇందులో డబ్బే కాదు, తెలివి కూడా ఉన్నది. పదిమంది మందల్లో పుట్టిన పిల్లలను చూస్తే ఏ పొట్టేలు సత్తా ఎంతో తేలిపోతుంది గదా! సంతాన పరీక్ష అని మనం ఇప్పుడు చదివేది ఇదే.

అయితే ఆయన జీవితం అంతా విజయమే కాదు. 1776లో దివాలా తీసి, మళ్ళీ లేచి నిలబడ్డాడు. తన పద్ధతి గురించి పుస్తకం రాయలేదు. ఏ జీవానికి తల్లిదండ్రులెవరో బయటపెట్టలేదు. పెళ్ళి చేసుకోలేదు. 1795 అక్టోబరు 1న చనిపోయాడు. రహస్యాలు చాలావరకు ఆయనతోనే పోయాయి.

ఇంకొక నష్టం కూడా జరిగింది. ఆయన గొర్రెలకు ఒళ్ళు వచ్చింది గాని ఈతకు పుట్టే పిల్లలు తగ్గాయి, మాంసంలో కొవ్వు మితిమీరింది. ఆయన మెరుగుపరచిన లాంగ్‌హార్న్ ఆవులకు కండ పెరిగి పాలు తగ్గాయి. తిండి రుచులు మారేసరికి ఆ జాతుల వైభవమూ తగ్గింది. న్యూ లెస్టర్ వారసురాలైన లెస్టర్ లాంగ్‌వుల్ నేడు అరుదైన జాతి.

ఇప్పుడు కాలం మారింది. 50,000కు పైగా డి.ఎన్.ఏ. గుర్తులను ఒకేసారి చదివే గొర్రెల చిప్ 2009లో వచ్చింది. ఆరవ క్రోమోజోము మీద ఎల్.సి.ఓ.ఆర్.ఎల్. అనే జన్యువు ఉన్నచోటికీ గొర్రె ఒంటి పరిమాణానికీ సంబంధం ఉన్నదని పలు జాతులలో తేలింది. బేక్‌వెల్ ఏళ్ళ తరబడి కాచుకుని తెలుసుకున్నదాన్ని, పిల్ల పుట్టగానే ఒక రక్తపు చుక్కతో కొంతవరకు అంచనా కట్టవచ్చు.

కానీ గుర్తు మనం అడిగినదానికే జవాబు చెబుతుంది. బరువొక్కటే అడిగితే బరువే ఇస్తుంది. పాలు, ఈతలు, రోగాన్ని తట్టుకునే శక్తి చాటున జారిపోవచ్చు. మన నెల్లూరు గొర్రె దేశంలోకెల్లా పొడుగైన జాతి. దాని ఒళ్ళు ఇంకా పెంచాలనుకునే రేపటి శాస్త్రజ్ఞులు మనలోనే ఉండవచ్చు. వాళ్ళు డిష్లీ రైతు నేర్పరితనంతోపాటు ఆయన పొరపాటును కూడా గుర్తుంచుకుంటే మంచిది. ఏది పెంచుతున్నామో చూసుకోవటం ఎంత ముఖ్యమో, ఏది తగ్గుతున్నదో రాసిపెట్టుకుని నలుగురికీ చెప్పటం అంతే ముఖ్యం.