స్మృతియా, వేగమా? – ఆలన్ ట్యూరింగ్ జీవితము

ధనము పరిమితమైనపుడు కంప్యూటరు కొనదలచిన వారికి ఒక సందేహము తప్పదు. ఉన్న సొమ్ముతో మెమరీని పెంచుకొనవలెనా, లేక వేగము గల ప్రాసెసరును తెచ్చుకొనవలెనా? విద్యార్థులు మమ్ము కూడ ఈ ప్రశ్న అడుగుచుందురు. తెలుగు పాఠము చెప్పుకొనువారిని అడుగవలసిన ప్రశ్న కాదిది. అయినను దీని పుట్టుపూర్వోత్తరములు వెదకబోగా, అట్టి యంత్రము పుట్టకమునుపే ఈ విషయమును ఆలోచించిన ఒక మేధావి జీవితము మాకు ఎదురైనది.

ఆలన్ ట్యూరింగ్ 1912 జూన్ 23న లండనులో జన్మించినాడు. తండ్రి జూలియస్ మద్రాసు రాజధానిలో ఐ.సి.యస్. అధికారి, పార్వతీపురం, బెజవాడ, కర్నూలు మున్నగు మన పట్టణములలో ఉద్యోగము చేసినవాడు. తల్లిదండ్రులు ఉద్యోగరీత్యా ఇండియాలో ఉండగా ఆలన్ బాల్యము చాలవరకు ఇంగ్లాండులో పరుల యింట గడచినది.

1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరి గణితము నభ్యసించినాడు. 1936లో, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, ఊహలోనే ఒక యంత్రమును నిర్మించినాడు. గడులుగా విభజించిన అంతులేని పట్టీ యొకటి. ఒక్కొక్క గడిని చదువుచు, వ్రాయుచు, తుడుచుచు ముందువెనుకలకు కదలు చిన్న సాధనమొకటి. అట్టి యంత్రములలో ఏది చేయగల పనినైనను ఒకే యంత్రము చేయగలదని ఆయన నిరూపించినాడు. ఆ సాధనము నత్తనడక నడచినను పని ఆలస్యమగును గాని ఆగదు. పట్టీ చాలనిచో పని అసలే సాగదు. ట్యూరింగ్ తరువాతి ఆలోచనలకెల్ల బీజమిచ్చటనే ఉన్నదని మా అభిప్రాయము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్లెచ్లీ పార్కులో జర్మనుల రహస్యలిపిని ఛేదించుటకు ఆయన రూపొందించిన యంత్రమునకు వేగమే ప్రాణము. జ్ఞాపకముతో దానికి పని లేదు. యుద్ధానంతరము 1945లో ఆయన టెడ్డింగ్టనులోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరి ‘ఏస్’ అను గణనయంత్రమునకు ప్రణాళిక వ్రాసినాడు. యుద్ధములో తాను కన్నదానిని బయట చెప్పరాదు గనుక, ఎలక్ట్రానిక్ యంత్రముల శక్తిని సాక్ష్యముతో పైవారికి చూపు భాగ్యము ఆయనకు లేకపోయినది.

ఆ ప్రణాళికలో మెమరీ యన్నది పాదరసము నింపిన అయిదడుగుల గొట్టముల సమూహము. అంకెలు ధ్వనితరంగములై ఒక కొననుండి రెండవ కొనకు పోయి, మరల మొదటికి చేర్చబడుచు తిరుగుచుండును. సెకనుకు పది లక్షల స్పందనముల వేగమును ఆయన కోరినాడు. కాని గొట్టములోని అంకె మరల వెలికివచ్చుటకు సెకనులో వెయ్యవ వంతు పట్టును. అంతసేపు ఆ మహావేగము ఊరక కూర్చుండవలసినదే! నేటి డెస్క్‌టాప్ యంత్రములో మెమరీ నిండిపోయి, డిస్కునుండి సమాచారము వచ్చువరకు ప్రాసెసరు ఎదురుచూచుట ఇట్టిదే. దీనికి విరుగుడుగా ఒక ఆదేశము ముగియు వేళకు తరువాతి ఆదేశము గొట్టము కొనకు చేరునట్లు అమర్చుకొను పద్ధతిని ట్యూరింగ్ అవలంబించినాడు. పని మెమరీలో ఇమిడినంతవరకు అదనపు మెమరీ వలన లాభము లేదనుట నిజమే. అప్పుడు ప్రాసెసరుదే ప్రాధాన్యము. ఇమడనినాడు మాత్రము ఎంత ప్రాసెసరైనను ఏమి చేయగలదు?

1947 ఫిబ్రవరిలో లండన్ గణితసంఘము ఎదుట ప్రసంగించుచు, తగిన స్మృతిని సమకూర్చుటే ఈ సమస్యకంతకు కీలకమని ఆయన వివరించినాడు. రెండు వందల గొట్టములను ఊహించి, ఆ సామర్థ్యమును ఒక చిన్న చేప జ్ఞాపకముతో పోల్చినాడు. ఆ గొట్టములలో 6,400 పదములు పట్టును. ప్రయోగశాలలో పని ముందుకు సాగలేదు. విసిగిన ట్యూరింగ్ 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు వెడలిపోయినాడు. ఆయన సహచరులు 1950 మే నెలలో నడిపిన ‘పైలట్ ఏస్’ ఆ ప్రణాళికకు చిన్న రూపము మాత్రమే. దాని గొట్టములలో తుదకు పట్టినవి 352 పదములు. అయినను నాటి యంత్రములలో అది మిక్కిలి వేగవంతమైనదిగా పేరొందినది.

యంత్రము ఆలోచింపగలదా యని చర్చించుచు 1950లో ఆయన వ్రాసిన వ్యాసము జగద్విదితము. మనుష్యునివలె సంభాషించుటకు నూరుకోట్ల ద్వ్యంకముల స్మృతి చాలుననియు, వేగమును పెంచవలసిన అగత్యము బహుశః లేదనియు అందులో అంచనా వేసినాడు. ఎనిమిది గీగాబైట్ల సామాన్య కంప్యూటరులో నేడు అంతకు అరువది రెట్లకు పైగా స్మృతి ఉన్నది. వేగమును గూర్చిన మాట మాత్రము నెగ్గలేదు. సంభాషించు యంత్రములకు నేడు స్మృతితోపాటు అపారమైన గణనవేగము కూడ కావలసివచ్చినది. ఇంత దూరము చూచినవాడు అచ్చట పొరబడెనని చెప్పుటకు మాకు సంకోచము లేదు.

స్వలింగ సంబంధమును నేరముగా నెంచిన నాటి చట్టము 1952లో ఆయనను దోషిగా నిలిపి, కారాగారమునకు మారుగా హార్మోను చికిత్సకు లోబరచినది. దేశమును కాపాడిన వానికి దేశము చేసిన మర్యాద ఇది. 1954 జూన్ 7న, నలుబది రెండేండ్లు నిండకమునుపే, సయనైడు విషమువలన ఆయన మరణించినాడు. 2009లో బ్రిటిష్ ప్రధాని క్షమాపణ చెప్పినాడు. 2013లో రాణి క్షమాభిక్ష ప్రకటించినది. పైలట్ ఏస్ ఇప్పుడు లండన్ విజ్ఞాన ప్రదర్శనశాలలో ఉన్నది.