ఔషధమునకు దారి చూపిన యల్లాప్రగడ

ఔషధము రోగమును చంపవలెను గాని రోగిని బాధింపరాదు. ఈ ఆశ వైద్యమంత పురాతనమైనది. క్యాన్సర్ చికిత్సలో అది నేటికిని పూర్తిగా ఫలింపలేదు. ఆ దిశగా సాగుచున్న కృషికి పునాది వేసినవారిలో ఒక తెలుగువాడు గలడు. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు గట్టెక్కెను. మద్రాసు వైద్య కళాశాలలో చదువుచు, స్వదేశీ దీక్షతో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియయ్యెను. పర్యవసానముగా పూర్తి పట్టమునకు మారుగా తక్కువ స్థాయి పట్టమే దక్కెను. అంతకన్న పెద్ద దెబ్బ ఇంటిలో తగిలెను. స్ప్రూ అను గ్రహణివ్యాధి ఆయన సోదరుల నిద్దరిని స్వల్పవ్యవధిలో బలిగొనెను. తనకును అదే వ్యాధి సోకగా, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్స వలన ఆయన బ్రతికి బయటపడెను.

1922లో సుబ్బారావు అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేయుచు హార్వర్డులో చదివెను. అచట సైరస్ ఫిస్కేతో కలిసి శరీరద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించెను. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అను పదార్థముల గుర్తింపులోను ఆయనకు భాగము గలదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లీ ప్రయోగశాలలలో చేరెను. ఆయన నేతృత్వమున పనిచేసిన బృందము 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయగలిగెను. సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధికి ఆ విటమినే మందైనది.

ఆ విటమిను కథ అంతటితో ముగియలేదు. జీవకణము విభజన చెందుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. రూపమున దానిని పోలి, దాని పని మాత్రము చేయనీయని పదార్థమును కణమున కందించినచో ఆ విభజన నిలిచిపోవును. సుబ్బారావు బృందము తయారుచేసిన అమినోప్టెరిన్ అట్టిదే. బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని రక్తక్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చి, పదిమందిలో వ్యాధి కొంతకాలము తగ్గుముఖము పట్టినదని 1948 జూనులో ప్రకటించెను. నాటివరకు ఆ వ్యాధికి మందే లేదు. అయిననూ ఆ ఉపశమనము తాత్కాలికము. పైగా మందు ఆరోగ్యకణములను కూడ విడువలేదు. త్వరత్వరగా విభజన చెందు నోటిపొరలు పుండ్లుపడెను.

అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావు తన 53వ యేట మరణించెను. అమినోప్టెరిన్‌కు సోదరమైన మెథోట్రెక్సేట్ పిదప పెక్కు క్యాన్సర్లకు ఔషధమై నేటికిని వాడుకలో నున్నది. అదియును శత్రువు నెరిగి మిత్రుని విడుచు మందు కాదు.

ఆ లోపమును తీర్చుటకే నానో సాంకేతికత పూనుకొన్నది. నానోమీటరనగా మీటరులో 100 కోట్లవ వంతు. అట్టి సూక్ష్మపరిమాణమున వాహకములను నిర్మించి, మందును వానికి తగిల్చి, రోగకణమునకే చేర్చవలెనని శాస్త్రజ్ఞుల సంకల్పము. అయితే వాహకము రోగకణమును గుర్తించు టెట్లు? కొన్ని క్యాన్సరు కణములు ఫోలిక్ ఆమ్లమును పట్టుకొను గ్రాహకములను తమపై విస్తారముగా ధరించును. కావున ఆ విటమినునే వాహకమునకు గురుతుగా అతికించిరి. 2005లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 5 నానోమీటర్లకు లోపు వాహకమునకు ఫోలిక్ ఆమ్లమును, మెథోట్రెక్సేటును కూర్చి ఎలుకలపై ప్రయోగించిరి. విడిగా ఇచ్చిన మందుకన్న అది కణితిని మిన్నగా అణచి, తక్కువ హాని చేసెను.

ఎలుకలో నెగ్గినదెల్ల మనిషిలో నెగ్గదు. ఈ మార్గము ఇంకను సుదీర్ఘమైనది. అయినను సుబ్బారావు బృందము కృత్రిమముగా నిర్మించిన విటమినే నేడు ఔషధమునకు దారి చూపుచున్నది. సోదరుల మరణమున కొరవడిన మందు, ఆయన గతించిన పిదప ఎందరికో సౌమ్య చికిత్సపై ఆశ కల్పించుచున్నది.