పార్టీల ప్రాపకం వద్దన్న కార్మికవాది ఆచార్య

వలస పాలన కాలంలో ప్రవాస భారతీయులు నెలకొల్పిన తొలి కమ్యూనిస్టు పార్టీకి అధ్యక్షులైన ఎం.పి.టి. ఆచార్య, అనంతర కాలంలో పార్టీల ఆధిపత్యాన్నే తిరస్కరించే కార్మిక సిద్ధాంతానికి ప్రచారకులయ్యారు. దేశంలో కార్మిక సంఘాలు రాజకీయ పక్షాల వారీగా చీలిపోయిన తీరును పరిశీలిస్తే ఆయన జీవితానికి ప్రత్యేక ప్రాధాన్యం కనిపిస్తుంది.

మండయం పార్థసారథి తిరుమల ఆచార్య 1887లో మద్రాసులో జన్మించారు. సుబ్రహ్మణ్య భారతి నడిపిన 'ఇండియా' పత్రికలో ఆయన పాలుపంచుకున్నారు. 1908లో ప్రభుత్వ నిర్బంధం తీవ్రం కావడంతో పత్రిక పుదుచ్చేరికి తరలగా, ఆచార్య ఐరోపా చేరారు. లండన్‌లోని ఇండియా హౌస్‌లోను, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బెర్లిన్ భారత కమిటీలోను పనిచేశారు. 1919లో రాజా మహేంద్ర ప్రతాప్ బృందంతో మాస్కో వెళ్లి లెనిన్‌ను కలుసుకున్నారు.

1920 అక్టోబరు 17న తాష్కెంట్‌లో భారత కమ్యూనిస్టు పార్టీ ఏర్పడింది. అయితే పార్టీ నిర్వహణపై ఎం.ఎన్. రాయ్‌తో విభేదాలు తలెత్తడంతో కొద్ది నెలలకే ఆచార్యను నాయకత్వం నుంచి తొలగించారు. 1922లో ఆయన బెర్లిన్ చేరారు. ఆ ఏడాది డిసెంబరులో అక్కడే జరిగిన అంతర్జాతీయ కార్మిక సంఘం స్థాపక మహాసభకు హాజరయ్యారు.

అరాచక సిండికలిజంగా ప్రసిద్ధమైన ఆ సంఘం సిద్ధాంతం ప్రకారం పోరాట నిర్ణయం పనిచేసే చోటనే, కార్మికుల సభలోనే జరగాలి. స్థానిక సంఘాలు సమాఖ్యగా ఏర్పడాలి. చట్టసభల స్థానాలకన్నా ప్రత్యక్ష చర్య, సార్వత్రిక సమ్మె కార్మికులకు అసలైన సాధనాలు. చివరకు ఉత్పత్తిని కూడా ప్రభుత్వానికి అప్పగించక సంఘాలే నిర్వహించాలి. ఈ సాహిత్యాన్ని ఆచార్య బెర్లిన్ నుంచి భారతదేశానికి పంపగా, బ్రిటిష్ ప్రభుత్వం దాని దిగుమతిని నిషేధించింది.

దేశంలో పరిస్థితులు ఈ సిద్ధాంతానికి అనుకూలించలేదు. 1918లో మద్రాసు మిల్లు కార్మికులు ఏర్పరచుకున్న సంఘానికి సైతం అధ్యక్షుడు బి.పి. వాడియా అనే దివ్యజ్ఞాన సమాజ నాయకుడే. కార్మికుల్లో అక్షరాస్యత స్వల్పం. ముందుకు వచ్చినవారికి ఉద్యోగ భద్రత లేదు. అందువల్ల న్యాయవాదులు, రాజకీయ నాయకులు సంఘాల పగ్గాలు చేపట్టారు. 1926 నాటి కార్మిక సంఘాల చట్టం కార్యవర్గంలో సగం వరకు బయటివారు ఉండటానికి అనుమతించింది.

జర్మనీలో 1933లో హిట్లర్ అధికారంలోకి రావడంతో ఆచార్య, ఆయన భార్య, రష్యన్ చిత్రకారిణి మాగ్దా నాఖ్‌మన్ దేశం విడిచారు. 1935లో ఆయన బొంబాయి చేరారు. గాంధీజీ 'హరిజన్' పత్రికలోను, విదేశీ అరాచకవాద పత్రికల్లోను వ్యాసాలు రాశారు. 1951లో భార్య మరణించారు. పేదరికం, అనారోగ్యంతో బాధపడుతూ 1954 మార్చి 20న ఆచార్య బొంబాయిలో కన్నుమూశారు.

అప్పటికే కార్మికోద్యమం ముక్కలైంది. 1920లో ఆవిర్భవించిన ఏఐటీయూసీ 1929లోను, 1931లోను చీలింది. 1947లో కాంగ్రెస్ అండతో ఐఎన్‌టీయూసీ, 1948లో సోషలిస్టుల చొరవతో హిందూ మజ్దూర్ సభ వెలిశాయి. పార్టీ చీలినప్పుడల్లా సంఘమూ చీలడం ఆనవాయితీ అయింది. ఒకే యంత్రం వద్ద పనిచేసేవారు వేర్వేరు జెండాల కింద నిలబడితే యాజమాన్యంతో బేరమాడే శక్తి తగ్గుతుంది. ఆచార్య ప్రచారం చేసిన మార్గం దేశంలో వేళ్లూనకపోయినా, అది ఎత్తిచూపిన ప్రమాదం మాత్రం ఈ చీలికలతో నిజమైంది.