టుటన్‌ఖామున్

నైలునదీ తీరమందలి ఈజిప్టు దేశమున, క్రీస్తుకు పూర్వము 1332 ప్రాంతమున, ఎనిమిది తొమ్మిదేండ్ల బాలుడొకడు రాజయ్యెను. అతని తొలి నామము టుటన్‌ఖాటెన్. అతనికి కొలదికాలము ముందు ఏలిన ఆఖెనాటెన్ ప్రాచీన దేవతల పూజలను మాన్పించి, ఆటెన్ అను సూర్యబింబమునే కొలువవలెనని శాసించియుండెను. బాలరాజు కొలువునందలి పెద్దలు ఆ శాసనమును త్రోసివైచి, ఆమున్ దేవుని ఆరాధనను మరల నిలిపిరి. రాజు పేరు టుటన్‌ఖామున్‌గా మాఱెను. ఆ పసివానికి ఇందు పాలెంతయో ఎవరికివారు ఊహింపవచ్చును. సుమారు పందొమ్మిదవ యేట, వారసులు లేకయే, అతడు కన్నుమూసెను.

మన పల్లెలలో పసిబిడ్డకు దిష్టి సోకకుండ తాయెత్తు కట్టుదురు. ఈజిప్టువారు మృతులకును కట్టిరి. దేహము చెడినచో పరలోకమున బ్రతుకు లేదని వారి నమ్మకము. కావున శవమును ఒకవిధమగు ఉప్పులో ఎండబెట్టి, తైలములు పూసి, నారబట్టలు చుట్టి, ఆ చుట్ల నడుమ రక్షలను ఉంచెడివారు. ఈ తంతు 70 దినములు సాగెడిది. ఇట్లు భద్రపరచిన యువతి దేహమొకటి హైదరాబాదు నగరమందలి రాష్ట్ర ప్రదర్శనశాలలో కలదు. దానిని ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1930లో ఒసగెను.

ఒక్కొక్క రక్షకు ఒక్కొక్క పని. హోరస్ దేవుని కన్ను దేహమును లోపము లేకుండ కాపాడును. స్తంభము ఓసిరిస్ దేవుని వెన్నెముక. అది స్థైర్యము నిచ్చును. పేడపురుగు ఆకృతి గుండెకు సంబంధించినది. పరలోక న్యాయసభలో గుండెను త్రాసున ఈకతో తూచునపుడు, అది తన యజమానునిపై సాక్ష్యము చెప్పకుండ ఆ రక్ష అడ్డుపడును. చిన్న తలదిండు వంటి రక్ష శిరస్సు మొండెమునుండి వేఱుగాకుండ కాచును. టుటన్‌ఖామున్ తలక్రింద అట్టిదానిని ఇనుముతో చేసి ఉంచిరి. ఆనాడు ఇనుము మిక్కిలి అరుదు. అతని దేహముపై దొరకిన బాకు ఉల్కయందలి ఇనుముతో చేసినదని 2016లో తేలినది.

తరువాతి రాజులు అతని పేరును జాబితాలనుండి తొలగించిరి. సమాధిపై రాళ్లు పేరుకొనెను; వానిపై పనివారు గుడిసెలు వేసికొనిరి. ఆ మఱుపే అతనికి పెద్ద రక్ష యయ్యెను. 1922 నవంబరు 4న హోవార్డ్ కార్టర్ బృందము ఆ సమాధి మెట్టును కనుగొనెను.

1925లో దేహమును విప్పగా 143 వస్తువులు దొరకినవి. కాని దేహమును కాపాడుటకై పోసిన తైలములే గట్టిపడి బట్టలను మాడ్చివైచెను. దాదాపు 10 కిలోల బంగారు ముసుగు తలకు అంటుకొనిపోయెను. దానిని ఊడదీయుటకు పరిశోధకులు అవయవములను విడదీసి, తలను మొండెమునుండి వేఱుచేసిరి. ఇనుప తలదిండు అప్పటికిని తలక్రిందనే యుండెను.

రక్షలను కైరోకు తరలించిరి. దేహమును 1926లో ఇసుకపళ్లెమున పేర్చి సమాధికే చేర్చిరి. అది నేటికిని అచ్చటనే కలదు.