గరుకు గొంతుకు పాతికేళ్ళ పండగ

2000 ఏప్రిల్ 20న ‘బద్రి’ వచ్చింది. 2025 వేసవితో పాతికేళ్ళు నిండాయి. పూరి జగన్నాథ్ తొలి సినిమా అని కొందరు, పవన్ కళ్యాణ్ సినిమాల్లో తమకు ప్రాణమని కొందరు రజతోత్సవం చేసుకున్నారు. చేసుకోవాల్సిందే. నేను మాత్రం పూలదండ పట్టుకుని ఆ సినిమాకి బాణీలు కట్టినాయన దగ్గరికి వెళ్తున్నాను. రమణ గోగుల గారు! 2025 సంక్రాంతికి ‘గోదారి గట్టు’ పాటతో మా వైపు ఊళ్ళలో మైకు సెట్లన్నిటా ఆయన గొంతే మోగింది. పండక్కి ఇళ్ళకొచ్చిన కాలేజీ పిల్లలు ‘ఎవరండీ ఈ సింగర్, కొత్తగా ఉన్నాడే’ అని అడుగుతుంటే, ఇన్నేళ్ళుగా ఆ గొంతుని మనసులో పెట్టుకుని తిరిగినవాళ్ళం ఎంత సంబరంగా జవాబు చెప్పామో!

గోదావరి జిల్లాల్లో రాక్ సంగీతం వినేవాళ్ళు ఎప్పుడూ గుప్పెడు మందే. అందుకేనేమో, ఇద్దరు కలిస్తే తెల్లవార్లూ వాదనే. ఆ వాదనల్లో నా పక్షం ఏమిటో ముందే చెప్పేస్తాను. రాక్‌లో పంక్ అంటే వేగం, రంగు జుట్టు, బూతులు అనుకునేవాళ్ళతో నాకు పడదు. 1976లో న్యూయార్క్ కుర్రాళ్ళు నలుగురు రామోన్స్ అనే పేరుతో తొలి ఆల్బమ్ తెచ్చారు. 14 పాటలు, మొత్తం కలిపి అరగంట కూడా లేదు. ఆ పాటల్లో నాకు నచ్చింది వేగం కాదు, ఎవరి అనుమతీ అడక్కపోవడం. సంగీతం పూర్తిగా వచ్చాక పాడదాం అనుకోలేదు వాళ్ళు. తమకున్న గొంతుతో, తమకొచ్చిన నాలుగు స్వరాలతో వేదికెక్కేశారు. లండన్ పంక్ బ్యాండ్లలో సెక్స్ పిస్టల్స్ కంటే క్లాష్ నాకు ఎక్కువ ఇష్టం. 1979 చివర్లో వచ్చిన ‘లండన్ కాలింగ్’లో వాళ్ళు జమైకా రెగేని, పాత అమెరికన్ రాకబిల్లీని ఇంటికి పిలిచి కూర్చోబెట్టారు. నిర్వాణా బ్యాండు విషయంలో అందరూ 1991 నాటి ‘నెవర్‌మైండ్’ అంటారు. నేను 1993లో ఎంటీవీ కోసం పెద్ద హోరు లేకుండా వాయించిన కచేరీకే ఓటేస్తాను. అక్కడ వాళ్ళ గాయకుడు కర్ట్ కొబేన్ గొంతులో ప్రతి చీలికా వినబడుతుంది. 1967లో వెల్వెట్ అండర్‌గ్రౌండ్ తొలి ఆల్బమ్ వచ్చినప్పుడు కొన్నవాళ్ళు తక్కువే. ఆ బ్యాండు గాయకుడు లూ రీడ్ పాడాడా, మాట్లాడాడా అని జనం తేల్చుకోలేకపోయారు. తర్వాతి తరం బ్యాండ్లు ఎన్నో ఆ ఆల్బమ్ ముందు కూర్చుని నేర్చుకున్నాయి.

వీళ్ళందరిలో నేను వెతుక్కునేది ఒక్కటే. గొంతు తనని తాను దాచుకోకూడదు. ఆ కొలతతోనే రమణ గోగుల గారిని విన్నాను, ఇవాళ్టికీ ఆ కొలతతోనే వింటున్నాను.

మన సినిమా పాటకి ఘంటసాల, సుశీల, జానకి, బాలు పెట్టిన ప్రమాణం మామూలుది కాదు. ఆ సంపద మీద పెరిగినవాణ్ణే నేనూ. అయితే అంత గొప్ప ప్రమాణం ఉన్నచోట, దానికి ఒదగని గొంతుకి గుమ్మం దొరకడం కష్టం. శ్రుతి శుద్ధంగా ఉండాలి, ఉచ్చారణ ముత్యాల్లా రాలాలి, గొంతులో గీర వినపడకూడదు. 1990లలో కేబుల్ టీవీ వచ్చి, ఎంటీవీ, ఛానల్ వీ ఇళ్ళలోకి దిగాక గాలి కాస్త మారింది. 1996లో లక్కీ అలీ ‘సునో’ ఆల్బమ్‌తో వచ్చి, హిందీలో బొంగురు గొంతుకి ఒక పీట వేయించుకున్నాడు. మనకి ఆ పీట వేసినవారు విశాఖ నుంచి వచ్చిన రమణ గారు. చదువు, ఉద్యోగం సాంకేతిక రంగంలో. పాట సొంత కోరిక. మిస్టీ రిథమ్స్ అనే బ్యాండుతో ‘ఏ లైలా’ ఆల్బమ్ చేశారు. తెలుగువాడు సినిమాతో పనిలేకుండా పాట చేసుకుని, దాన్ని తనే పాడి టీవీలో కనబడటం అప్పటికి ఎంత అరుదో ఆ రోజులు తెలిసినవాళ్ళకే అర్థమవుతుంది.

1998లో వెంకటేశ్ ‘ప్రేమంటే ఇదేరా’తో సినిమాల్లోకి వచ్చారు. ఆ మరుసటి ఏడాది జూలైలో ‘తమ్ముడు’. ఇక్కడ కాసేపు ఆగాలి.

‘తమ్ముడు’లో ‘ట్రావెలింగ్ సోల్జర్’ అనే పాట ఉంది. మొదటి నుంచి చివరిదాకా ఇంగ్లీషు. పాడింది ఆయనే. అన్న ఆసుపత్రి పాలయ్యాక, అతని బదులు బరిలోకి దిగడానికి తమ్ముడు కిక్ బాక్సింగ్ సాధన చేసే ఘట్టం అది. చేతివేళ్ళ మీద నుంచి కారు వెళ్ళే దృశ్యం గుర్తులేని తెలుగువాడు ఉండడు. మామూలుగా అయితే అక్కడ డప్పులు, కోరస్, హీరోని పొగిడే మాటలు రావాలి. ఆయన ఎలక్ట్రిక్ గిటారు పెట్టారు, తన గరుకు గొంతు పెట్టారు. పాటలో మాట అర్థంకాని కుర్రాడు కూడా హాల్లో కుర్చీ అంచుకి వచ్చాడు. డెల్టాలో ఏ టూరింగ్ టాకీసులో ఆడినా అదే వరస. రికార్డింగ్ సెంటర్లలో ఖాళీ క్యాసెట్ ఇచ్చి పాటలు ఎక్కించుకునే కాలం అది. ఎక్కించాల్సిన పాటల చీటీలో ‘పెదవి దాటని మాటొకటుంది’ పక్కనే ‘ట్రావెలింగ్ సోల్జర్’ని తెలుగు అక్షరాల్లో రాసుకెళ్ళిన తరం మాది. రాక్ అంటే ఏమిటో ఎవరూ మాకు పాఠం చెప్పలేదు. ఒంటికి పట్టింది, అంతే.

అదే సినిమాలో ‘లుక్ ఎట్ మై ఫేస్ ఇన్ ది మిర్రర్’ కూడా ఉంది. ఇవి పాటల మధ్య తళుక్కున మెరిసి పోయే ముక్కలు కావు. ఒక పెద్ద వాణిజ్య చిత్రానికి వెన్నెముక లాంటి ఘట్టాల్ని నిలబెట్టినవి. ఇంకో సంగతి. ఆ ఆధునికమైన సినిమాలోనే పవన్ కళ్యాణ్ చేత జానపద ముక్కలు పాడించారు. శిక్షణ పొందిన గొంతు కాదది. అల్లరిగా, సరదాగా, అరుగు మీద కూర్చుని పాడుకున్నట్టు ఉంటుంది. తన గొంతుకి తీసుకున్న స్వేచ్ఛనే ఇంకొకరి గొంతుకీ ఇచ్చారన్నమాట. 2003లో ‘జానీ’లోనూ అదే చేశారు. ‘జానీ’ సినిమా ఆడలేదు కాబట్టి ఆ పాటలు మరుగునపడ్డాయి. ఆయన చేసిన పనిలో అన్నిటికంటే ధైర్యమైన ఆల్బమ్ అదేనని నా అభిప్రాయం.

ఇక ‘బద్రి’. ‘తమ్ముడు’లో వీధి కుర్రాడి దుడుకుతనం ఉంటే ‘బద్రి’లో పట్నపు దర్జా ఉంది. ‘ఏ చికితా’ వినండి. గొంతు ఎక్కడా కష్టపడదు, తొందరపడదు. తాళం మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది. నిజానికి ఆ నిబ్బరమే కష్టం. ఎత్తుకి వెళ్ళి మెప్పించే గొంతులు మనకి చాలా ఉన్నాయి. కిందనే ఉండి, బొంగురుగా, నవ్వుతూ మెప్పించిన గొంతు అప్పటికి అదొక్కటే.

2001లో అరుణ్ ప్రసాద్ ‘తమ్ముడు’ని విజయ్‌తో తమిళంలో తీసినప్పుడు దానికి పెట్టిన పేరూ ‘బద్రి’నే. సంగీతం మళ్ళీ రమణ గారే. ‘ట్రావెలింగ్ సోల్జర్’ అక్కడికీ వెళ్ళి విజయ్ అభిమానుల గుండెల్లో కూర్చుంది. ఆ సినిమాకి ఒక్క పాట మాత్రం అప్పుడప్పుడే ఎదుగుతున్న దేవిశ్రీ ప్రసాద్ చేశాడు. అదే ఏడాది కన్నడంలో శివరాజ్‌కుమార్ ‘యువరాజ’గా ‘తమ్ముడు’ కథ వెళ్ళినప్పుడూ బాణీలు ఈయనవే. మూడు భాషలవాళ్ళు ఒక విశాఖ ఇంజనీరు పాటలకి ఊగారు.

‘ఇదంతా సినిమా పాటే కదా, రాక్ ఎలా అవుతుంది? పంక్‌తో పోలికేమిటి?’ అని నాతో గొడవపడే మిత్రులున్నారు. రమణ గారు పంక్ గాయకుడని నేనెప్పుడూ అనలేదు. ఆయన మెలోడీ మనిషి. రామోన్స్ కోపం ఆయనలో లేదు, క్లాష్ రాజకీయం లేదు. ఉన్నది వాళ్ళ తెగువ. పాడటానికి ఇలాంటి గొంతే ఉండాలి అని పెద్దలు గీసిన గీతని, ఎవరినీ నొప్పించకుండా, నవ్వుతూ దాటేశారు. అదీ నిర్మాతల డబ్బుతో, స్టార్ హీరోల సినిమాల్లో, బి, సి సెంటర్ల ప్రేక్షకుల ముందు. లండన్ క్లబ్బులో వందమంది ముందు తిరగబడటం ఒక ఎత్తు. తణుకులో, అమలాపురంలో మార్నింగ్ షోకి వచ్చిన జనం చేత ఇంగ్లీషు రాక్ పాటకి ఈలలు వేయించడం ఇంకో ఎత్తు.

ఇంకా లోతుకి వెళ్తే, గరుకు గొంతు మా డెల్టాకి కొత్తేమీ కాదు. పద్యనాటకం మా ప్రాంతపు పిచ్చి. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణపాత్రలో రాగం ఎత్తుకుంటే ‘వన్స్‌మోర్’ అంటూ తెల్లవారుజాము దాకా కూర్చున్న ఊళ్ళివి. ఆ రంగస్థలం మీద రాత్రంతా పాడి పాడి నటుడి గొంతు బొంగురుపోతే జనం లేచి వెళ్ళిపోలేదు. ఆ బొంగురులో పాత్ర ఇంకా బలపడిందని మెచ్చుకున్నారు. రాజమండ్రి దేవీచౌక్ దసరా ఉత్సవాల్లో నాటకాలు చూసిన తాతలకీ, ‘ట్రావెలింగ్ సోల్జర్’కి ఈల వేసిన మనవలకీ నాకు పెద్ద తేడా కనబడదు. ఇద్దరికీ కావాల్సింది గుండెలోంచి వచ్చే దమ్మే.

ఆ తర్వాత ‘లక్ష్మి’, ‘అన్నవరం’, ‘యోగి’ వచ్చాయి. ‘లక్ష్మి’, ‘యోగి’ తీసిన వినాయక్ మా చాగల్లు మనిషే. మెల్లగా రమణ గారు సినిమాల నుంచి తప్పుకుని, విదేశంలో తన ఉద్యోగంలో మునిగిపోయారు. కల్ట్ కళాకారుడు అంటే ఏమిటో అప్పుడే నాకు బాగా తెలిసింది. పాటలు రావడం ఆగినా, ఎదురుచూడటం మానని జనం ఉండటం. ఏ పాత ‘తమ్ముడు’ పాట ఆటోలో వినబడినా, డ్రైవరూ నేనూ అద్దంలో ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళం.

2024 డిసెంబరులో ‘గోదారి గట్టు’ పాట విడుదలైంది. భీమ్స్ సిసిరోలియో బాణీ, భాస్కరభట్ల మాటలు. అది ‘సంక్రాంతికి వస్తున్నాం’ సినిమాలోది; అందులో హీరో కాపురం మా రాజమండ్రిలోనే. హీరో మళ్ళీ వెంకటేశ్. ఏ హీరో సినిమాతో పరిశ్రమలో అడుగుపెట్టారో, ఆయన సినిమాతోనే గొంతు తిరిగొచ్చింది. పక్కన పాడింది మధుప్రియ, తెలంగాణ జానపదంతో పెరిగిన పిల్ల, గోదావరిఖని ఆడబిడ్డ. అంటే నదికి ఎగువనున్న గొంతూ, సముద్రం పక్కనున్న గొంతూ కలిసి మా గట్టు మీద పాడాయి. ఆమె గొంతులో నిండుతనానికి ఆయన గీర ఎంత బాగా అతికిందో. వయసు ఆ గొంతుకి ఇంకాస్త ఇసుక కలిపింది, పాట ఇంకాస్త ఇంపుగా మారింది. భోగి మంటల దగ్గర, భీమవరం కోడిపందేల బరుల దగ్గర, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల దారిలో, ఎటు వెళ్ళినా అదే పాట. చిన్నపిల్లలు, అమ్మమ్మలు కూడా పాడారు. ఒకప్పుడు గుప్పెడు మందిమి దాచుకున్న గొంతు ఊరందరిదైంది. నాకైతే కళ్ళు చెమర్చాయి.

ఇప్పుడు హైదరాబాదులో చౌరస్తా బ్యాండు ఉంది, కాప్రిసియో ఉంది. 2020లో కరోనా మీద చౌరస్తా పాట ‘చేతులెత్తి మొక్కుతా’ ఊరూరా చేరింది. అందులోంచి వచ్చిన రామ్ మిరియాల తన యాసతో, తన గొంతుతో సినిమాల్లో ధీమాగా పాడుతుంటే ఎవరూ వింతగా చూడటంలేదు. ఆ పిల్లలకి దారి నున్నగా ఉందంటే, అది ఎవరు నడిచి చదును చేసిన దారో నేను చెప్పగలను.

రమణ గారూ, మీకు మా గోదావరి తరఫున అభినందనలు. ఒక విన్నపం కూడా. సినిమాల్లో పాడండి, కాదనం. అయితే ‘ఏ లైలా’ లాంటి ఆల్బమ్ ఇంకొకటి బాకీ ఉన్నారు. ఎవరి కథకీ, ఎవరి హీరోయిజానికీ కట్టుబడకుండా మీ సొంత పాటలు, ఈ వయసులో ఈ గొంతుతో, పది చేసి ఇవ్వండి. అవి పట్టుకుని రాజమండ్రి రండి. పుష్కరాల రేవు దగ్గర వేదిక వేద్దాం. గిటారు గట్టిగా పెట్టించండి, మేమేం అనుకోం. ముందు ‘జానీ’ పాటలు కావాలి, ఎందుకంటే వాటికి రావాల్సిన చప్పట్లు ఇంకా రాలేదు. తర్వాత ‘ఏ చికితా’. కొత్త పాటలు మధ్యలో పాడండి, తెలియకపోయినా వింటాం. ‘ట్రావెలింగ్ సోల్జర్’ రెండుసార్లు పాడాల్సి వస్తుంది, మా ఊళ్ళో వన్స్‌మోర్ అనడం తాతల నాటి అలవాటు.