విప్పి చూచి నేర్చిన జి.డి. నాయుడు

కోయంబత్తూరు నగరానికి తూర్పున, సూలూరుకు దగ్గరలో కలంగల్ అనే పల్లె ఉన్నది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఆ ప్రాంతంలో ఎన్నో తరాలుగా వ్యవసాయం చేసుకుంటూ వస్తున్నాయి. ఉడుమలైపేట, మధురై, ఆండిపట్టి, బోడి ప్రాంతాలలోని మన ఇళ్ళ వంటివే ఆ ఇళ్ళు కూడా. అటువంటి ఒక రైతు ఇంట 1893 మార్చి 23వ తేదీన గోపాలస్వామి దొరస్వామి నాయుడు జన్మించారు. ఆయననే మనం జి.డి. నాయుడు అని పిలుస్తున్నాము. ఇండియా ఎడిసన్ అని కూడా ఆయనకు పేరు వచ్చింది.

బడి ఆయనకు రుచించలేదు. ప్రాథమిక తరగతులతోనే చదువు ఆగిపోయింది. అయితే కంటపడిన వస్తువు ఎలా పనిచేస్తున్నదో తెలుసుకోనిదే ఆయనకు నిద్రపట్టేది కాదు.

ఆయనకు ఇరవై ఏళ్ళ వయస్సులో ఒక సంఘటన జరిగింది. లాంకషైర్ అనే ఆంగ్లేయ రెవెన్యూ అధికారి మోటారుసైకిలు ఎక్కి ఆ వైపు వచ్చాడు. అది 1912వ సంవత్సరపు రడ్జ్ బండి. ఎద్దులు లేవు, గుర్రం లేదు, తొక్కే పని కూడా లేదు. బండి తనంతట తాను పరుగెత్తుతున్నది. ఆ యువకుని మనస్సు ఆ బండితోనే వెళ్ళిపోయింది. ఎలాగైనా దానిని కొనాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డన పనికి కుదిరారు. ఆ పనీ ఈ పనీ చేస్తూ మూడేళ్ళపాటు పైసా పైసా కూడబెట్టి 300 రూపాయలు పోగుచేశారు. ఆ అధికారి వద్దకే వెళ్ళి, ఆ బండినే కొన్నారు.

బండి కొన్నవారెవరైనా దానిని ఎక్కి ఊరంతా తిరుగుతారు. నాయుడుగారు దానిని భాగాలు భాగాలుగా విప్పి నేలమీద పరిచారు. ఏది దేనికి తగిలి తిరుగుతున్నది, పెట్రోలు ఎక్కడినుండి ఎక్కడికి పోతున్నది, నిప్పురవ్వ ఎక్కడ పుడుతున్నది అని ఒక్కొక్కటే పరిశీలించారు. తరువాత మళ్ళీ బిగించారు. విప్పడం ఎవరికైనా చేతనవుతుంది. ఇంట్లోని అలారం గడియారాన్ని పెద్దలు లేనప్పుడు విప్పిన పిల్లలకు ఈ సంగతి బాగా తెలుసు. అన్నీ బిగించిన తరువాత ఒక మర మిగిలిపోతే అప్పుడు మొదలవుతుంది అసలు కష్టం! నాయుడుగారు బిగించిన బండి నడిచింది. ఆయనకు మెకానిక్ పని అబ్బింది. గురువూ, పుస్తకమూ రెండూ ఆ బండే.

నడుమ పత్తి వ్యాపారంలో దిగి నష్టపోయారు. 1920లో, కోయంబత్తూరులోని స్టేన్స్ దొర సాయంతో ఒక బస్సు కొన్నారు. దానిని పొల్లాచ్చి, పళని ఊళ్ళ మధ్య తామే నడిపారు. ఆ ఒక్క బస్సే పెరిగి పెద్దదై యు.ఎం.ఎస్. అనే సంస్థగా మారింది. 1930ల నాటికి దాని బస్సులు వందలలో ఉండేవి. వేళ తప్పకుండా నడవడం ఆ బస్సుల ప్రత్యేకత. బస్సు వేళకు రావాలంటే అది దారిలో చెడిపోకూడదు. చెడిపోతే వెంటనే బాగుపడాలి. అందువల్ల బస్సులతోపాటు మరమ్మతు పని కూడా పెరిగింది. చెడిన భాగాన్ని పారవేసి సీమ నుండి కొత్తది తెప్పించడం కన్న, అది ఎందుకు చెడిందో కనుక్కొని ఇక్కడే చేయడం మేలని నాయుడుగారి పద్ధతి.

ఆ పద్ధతి నుండే కొత్త వస్తువులు పుట్టాయి. విదేశాలకు వెళ్ళినప్పుడు ఆయన అక్కడి కర్మాగారాలను శ్రద్ధగా చూశారు. బ్యాటరీతో నడిచే చిన్న మోటారును అమర్చి 'రాసంట్' అనే గడ్డం గీసే యంత్రాన్ని రూపొందించారు. పలుచని బ్లేడులు, పండ్ల రసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే పంకా, మోసానికి వీలులేని ఓట్ల యంత్రం ఆయన చేసినవే. రాష్ట్ర శాసనసభ ఎన్నికలలో స్వతంత్రంగా నిలబడి ఓడిపోయిన మనిషే ఓట్ల యంత్రం చేయడం ఒక విశేషం! 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి మన దేశంలో మొట్టమొదటి విద్యుత్ మోటారును తయారుచేశారు. అంతకు పూర్వం మోటార్లు పరదేశాల నుండి రావలసిందే. బావి నీరు తోడే రైతుకు ఆ మోటారు ఎంత అవసరమో మెట్టనేలవారికి వేరే చెప్పనక్కరలేదు. తరువాతి కాలంలో కోయంబత్తూరు మోటార్లకు, పంపులకు పేరుపొందిన ఊరయింది.

ఇక రేడియో సంగతి. ఆ రోజులలో రేడియో ధనవంతుల ఇళ్ళలోని వస్తువు. వందల రూపాయలు పెట్టి విదేశీ సెట్టు కొనాలి, లైసెన్సు తీసుకోవాలి. సెట్టు మూగబోతే బాగుచేసేవారు పట్టణాలలో కూడా అరుదు. 1941లో నాయుడుగారు అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే మన దేశంలో తయారుచేయగలనని ప్రకటించారు. యు.ఎం.ఎస్. పేరుతో కోయంబత్తూరు రేడియోలు చాలాకాలం తమిళనాడు ఇళ్ళలో మోగాయి.

అయిదు వాల్వులంటే ఏమిటి? వాల్వు అనేది గాజుబుడ్డి వంటిది. లోపలి తీగ వేడెక్కి ఎర్రగా వెలుగుతుంది. ఏరియలు పట్టి తెచ్చిన అలను మొదటి వాల్వు, సెట్టు సులభంగా వాడుకోగల మరొక అలగా మారుస్తుంది. రెండవది దాని బలాన్ని పెంచుతుంది. మూడవది ఆ అలలో దాగిన మాటను, పాటను వేరుచేస్తుంది. నాలుగవది దానికి స్పీకరును మోగించేటంత శక్తినిస్తుంది. అయిదవది వచ్చే అలలను ముట్టుకోదు. ఇంటి కరెంటును మిగిలిన నాలుగింటికి పనికివచ్చేట్లు ఒకే దిక్కుగా పారే కరెంటుగా మార్చుతుంది. ఒకరు చేదిన నీటిని మరొకరు అందుకొని పాదులో పోసినట్లు, ఒకదాని పని ముగిసినచోట మరొకదాని పని మొదలవుతుంది.

ఈ వరుస తెలిసినవానికి రేడియో బాగుచేయడం మంత్రవిద్య కాదు. సెట్టు బొత్తిగా మూగబోయి, వాల్వులలో ఒక్కటి కూడా వెలగకపోతే మెకానిక్ లోపలి భాగాలను ముందు అనుమానించడు. ప్లగ్గు, తీగ, ఫ్యూజు, స్విచ్చు చూస్తాడు. కొన్ని సెట్లలో వాల్వుల తీగలన్నీ తిరునాళ్ళలో కట్టే సీరియల్ బల్బుల వలె ఒకే వరుసలో ఉంటాయి. ఒకటి తెగితే అన్నీ ఆరిపోతాయి. వాల్వులు వెలుగుతూ, పాట రాక, తుమ్మెద రొద వంటి మోత మాత్రమే వస్తుంటే కరెంటును మార్చే భాగంలోని కండెన్సరు చెడి ఉండవచ్చు. తట్టినప్పుడు పలికి మళ్ళీ ఆగిపోతే, ఎక్కడో టంకం వదలి ఉంటుంది. ఏమీ తోచనప్పుడు మెకానిక్ స్పీకరు నుండి వెనక్కు నడుస్తాడు. స్పీకరు బాగున్నదా, దానికి ముందున్న నాలుగవ వాల్వు బాగున్నదా, దానికి ముందు మూడవది బాగున్నదా అని ఒక్కొక్క మెట్టే చూస్తూ పోతాడు. ఎక్కడ పలుకు ఆగిపోయిందో అక్కడే రోగం ఉన్నది. మోటారుసైకిలు ముందు కూర్చున్న యువకుడు చేసిన పని కూడా ఇదే. (ఒక్క మాట! వాల్వు రేడియోలోను, పాత టి.వి.లోను ప్లగ్గు తీసిన తరువాత కూడా ప్రాణం తీసేటంత కరెంటు నిలువ ఉండగలదు. పని తెలిసినవారు పక్కన లేకుండా వాటిని విప్పరాదు.)

1944లో నాయుడుగారు మోటారు వ్యాపార బాధ్యతల నుండి తప్పుకొని, పరిశోధకులకు వేతనాలు, కార్మికుల సంక్షేమం మొదలైన పనులకు ధనం ఇచ్చారు. బడికి దూరమైన ఆ మనిషి తరువాత పూనుకున్నది బడి పనికే. ఆయన కృషితో, విరాళాలతో 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల వెలిశాయి. నాయుడుగారే ప్రిన్సిపాలుగా ఉన్నారు. ప్రాథమిక తరగతులు దాటనివాడు ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలు!

అక్కడ చిక్కు వచ్చింది. ఈ చదువుకు నాలుగేళ్ళు అక్కరలేదు, చేతితో పని చేస్తూ నేర్చుకుంటే రెండేళ్ళు చాలునని ఆయన వాదించారు. ఆంగ్లేయ ప్రభుత్వం ఒప్పుకోలేదు. నాయుడుగారు పదవిని వదులుకున్నారు. ఇందులో ఎవరి మాట సరియైనది? వంతెన కట్టవలసిన ఇంజనీరుకు గణితం కావాలి. వంతెనను విప్పి చూచి నేర్చుకోవడం కుదరదు గదా! అందుకు నాలుగేళ్ళు ఎక్కువ కాకపోవచ్చు. కానీ నాయుడుగారి కన్ను మరొక పిల్లవానిమీద ఉన్నది. నాలుగేళ్ళు చదివించే స్తోమతు లేని ఇంటిలో పుట్టి, తొందరగా నాలుగు డబ్బులు సంపాదించవలసిన పిల్లవాడు అతడు. హోటలులో వడ్డన చేసిన రోజులు మరచినవారు అతనిని గురించి ఆలోచించరు. ఆ కళాశాలయే తరువాత స్థలం మారి, నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నడుస్తున్నది.

1952లో ఆయన ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును తయారుచేశారు. వెల 2,000 రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు తయారీ ఆగిపోయింది. 70 రూపాయల రేడియో, 2,000 రూపాయల కారు అని వింటే, వస్తువు సామాన్యుని ఇంటికి చేరాలని ఆయన ఎంత పట్టుదలతో ఉన్నారో తెలుస్తుంది. స్వతంత్ర భారతంలో కూడా ఆ కారుకు దారి దొరకకపోవడం విచారించదగినదే. నాయుడుగారు మాత్రం పని మానలేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలలో కొత్త రకాలను గుర్తించారు. ఆయన తోటను చూడటానికి సర్ సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి పెద్దలు వచ్చారు.

1974 జనవరి 4వ తేదీన జి.డి. నాయుడు కన్నుమూశారు. మరుసటి సంవత్సరం ఆగస్టు 15న మద్రాసులో టెలివిజన్ కేంద్రం ప్రారంభమయింది. అది ఆయన చూడలేదు. ఆ తరువాత ఊరూరా రేడియో, టి.వి. బాగుచేసే చిన్న కొట్లు వెలిశాయి. ఒక బల్ల, ఒక మీటరు, టంకం పెట్టే కడ్డీ, గోడ పొడవునా మూత తీసిన సెట్లు. అదే ఆ కొట్టు. టి.వి.లో బొమ్మ వచ్చి మాట రాకపోతే మాట నడిచే దారిలోను, రెండూ రాకపోతే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగంలోను వెదికేవారు. ఆ పని చేసినవారిలో పెద్ద చదువులు చదివినవారు తక్కువ.

కోయంబత్తూరులో అవినాశి రోడ్డుమీద 10 కిలోమీటర్లకు పైగా పొడవున్న పైవంతెనను 2025 అక్టోబరులో ప్రారంభించి, దానికి జి.డి. నాయుడు పేరు పెట్టారు. ఆ రోడ్డుమీదనే ప్రెసిడెంట్ హాలులో ఆయన సేకరించిన, తయారుచేసిన యంత్రాల ప్రదర్శనశాల ఉన్నది. రాసంట్ యంత్రాన్ని, రేడియోలను అక్కడ చూడవచ్చు. 2015లో పాత కార్ల ప్రదర్శనశాల కూడా దానికి తోడయింది.